మా వాడి కడుపు నొప్పి, ఆ 25 ప్రశ్నల ఫారం: నా అనుభవం

నిన్నటితో మా వాడి కౌన్సెలింగ్ ఎనిమిది సెషన్లు అయ్యాయి, ఇక నెలకోసారి వస్తే చాలన్నారు. వేడి మీద ఉండగానే రాసేస్తున్నా. మొదట్లో ఇలా ఎవరైనా రాసింది నా కంటపడి ఉంటే కొన్ని నెలలు కలిసొచ్చేవి.

వాడికి 13 ఏళ్లు. స్కూలున్న రోజు పొద్దున్నే కడుపు నొప్పి, సెలవు రోజున ఉండదు. డాక్టర్‌కి చూపించాం, టెస్టులన్నీ నార్మల్. నొప్పి నిజమేనమ్మా, నాటకం కాదు, కానీ కారణం కడుపులో లేకపోవచ్చు, పిల్లల కౌన్సెలర్‌ని కలవండి అన్నారాయన. అపాయింట్‌మెంట్ వారంలో దొరికింది. ఇక్కడిదాకా ఏ ఇబ్బందీ లేదు.

ఈలోపు స్కూలు వాళ్లు పిలిచారు. అది తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. బల్లకి అటు ముగ్గురు టీచర్లు, ఇటు మేమిద్దరం, వాణ్ణి మాత్రం పక్కన నిలబెట్టారు, కుర్చీ కూడా వెయ్యలేదు. క్లాసులో నోరు విప్పడు, గ్రూప్ వర్క్ అంటే తప్పించుకుంటాడు, పొగరు పెరిగింది, ఒకళ్ల తర్వాత ఒకళ్లు చెప్పుకుంటూ పోయారు. ఏమైంది నాన్నా అని ఒక్కళ్లూ అడగలేదు. నేనూ అడగలేదు, తలూపుతూ కూర్చున్నా, అదే నన్ను ఎక్కువ తినేస్తోంది. మీకు ఇలాంటి పిలుపొస్తే ముందే గట్టిగా చెప్పండి, మొదట పెద్దవాళ్లం మాట్లాడుకుందాం, పిల్లాడు గదిలో వద్దు అని. మనం అడగనిదే వాళ్లకి తట్టదు.

ఇక అసలు సంగతి. కౌన్సెలర్ మేడమ్ మొదటి రోజే మాకో ఫారం, వాడికో ఫారం ఇచ్చారు. ఎస్‌డీక్యూ అంటారు, స్ట్రెంగ్త్స్ అండ్ డిఫికల్టీస్ క్వశ్చనేర్, రాబర్ట్ గుడ్‌మన్ అనే చైల్డ్ సైకియాట్రిస్ట్ 1997లో ప్రచురించిందట. 25 వాక్యాలుంటాయి. గడిచిన ఆరు నెలల్లో పిల్లాడు ఎలా ఉన్నాడో తల్చుకుని ఒక్కోదానికీ నిజం కాదు, కొంత నిజం, పూర్తిగా నిజం అనే మూడు గళ్లలో ఒకదాంట్లో టిక్ పెట్టాలి. బెంగ భయాలు, ప్రవర్తన, నిలకడ, తోటిపిల్లలతో స్నేహం, ఎదుటివాళ్ల మీద దయ, ఒక్కోదాని మీద ఐదేసి. తల్లిదండ్రులకి వేరు, టీచర్లకి వేరు, 11 నుంచి 17 ఏళ్ల పిల్లలు సొంతంగా నింపేది వేరు. ఇది జబ్బు తేల్చే పరీక్ష కాదు, ఎక్కడ చూడాలో చెబుతుంది అంతే, కాబట్టి స్కోరు చూసి హడలిపోకండి.

నేను ఐదు నిమిషాల్లో నింపేశా. నా కొడుకు సంగతి నాకు కాక ఎవరికి తెలుస్తుంది అనుకున్నా. వాడు పక్కగదిలో అరగంట కూర్చున్నాడు.

తర్వాతి వారం మేడమ్ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టారు. వాణ్ణి అడిగి, వాడు సరే అన్నాకే చూపించారు, అది నాకు చాలా నచ్చింది. కనీసం ఒక మంచి ఫ్రెండ్ ఉన్నాడా అన్న చోట నేను పూర్తిగా నిజం అని టిక్ పెట్టా, సెలవొస్తే చాలు మా ఇంట్లోనే ఉండే పిల్లాణ్ణి మనసులో పెట్టుకుని. వాడి కాగితంలో అదే చోట ముందు కొంత నిజం అని పెట్టి, దాన్ని కాగితం చిరిగేదాకా గీకేసి, నిజం కాదు గడిలో టిక్ పెట్టాడు. ఆ చిరుగు మీద వేలు పెట్టి అలాగే ఉండిపోయా. ఆ పిల్లాడు ఆఖరిసారి మనింటికి ఎప్పుడొచ్చాడు అని మా ఆయన అడిగారు, చెప్పలేకపోయా. అక్కడే కూర్చుని లెక్కేస్తే ఐదు నెలలైంది. ఐదు నెలలుగా మా గుమ్మంలోకి ఒక్క పిల్లాడు రాలేదు, నేను చూసుకోలేదు. పోయిన పరీక్షలో వాడికి ఏ సబ్జెక్టులో ఎన్ని మార్కులో అడగండి, నిద్రలో లేపినా చెబుతా.

అంతటితో అయిపోలేదు. నేను మీ అబ్బాయిని అనుకోండి, మీరు జవాబివ్వండి అన్నారు మేడమ్. "అమ్మా, ఇవాళ నా పక్కన ఎవరూ కూర్చోలేదు" అన్నారు. నేను "నువ్వే వెళ్లి కూర్చోవచ్చుగా" అన్నా. మళ్లీ అదే మాట అన్నారు. "పోనీలే, ఇంకొకళ్లు దొరుకుతారు" అన్నా. మూడోసారీ అదే మాట. "ముందు చదువు మీద దృష్టి పెట్టు" అన్నా. ఆవిడ కాసేపాగి, మీ మూడు జవాబుల్లో పిల్లాడి బాధ ఎక్కడుందమ్మా అన్నారు, మెత్తగానే. నాకు మాట రాలేదు. మా ఆయన ముందు, ముక్కూ మొహం తెలీని మనిషి ముందు ఏడ్చేశా.

ఆవిడ నేర్పింది వినడానికి చాలా చిన్నది. ముందు వాడికి ఏమనిపించిందో ఆ మాట పలకాలి, తర్వాత ఆగాలి, సలహా వాడు అడిగితేనే. మనసు కుతకుతలాడుతున్నప్పుడు ఎంత మంచి సలహా అయినా బుర్రకెక్కదట, ఆవేశాన్ని అదుపులో పెట్టి ఆలోచించే మెదడు ముందు భాగం పూర్తిగా ఎదగడానికి 25 ఏళ్ల దాకా పడుతుందట. ఆగడం నాకు మహా కష్టమైంది, నాలుక కొరుక్కున్న రోజులున్నాయి.

చుట్టాలైతే రెండు మాటలన్నారు. ఒకటి, ఈ వయసుకే కౌన్సెలింగ్ ఏంటి అని. 10 నుంచి 19 ఏళ్ల వాళ్లలో ఏడుగురిలో ఒకరికి మానసిక సమస్య ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా, ఆ ఒకరు మీ పిల్లాడే కావచ్చు అని మొహం మీదే చెప్పా. రెండోది, గారాబం చేసి చెడగొడుతున్నావు అని. డయానా బామ్రిండ్ అనే సైకాలజిస్ట్ 1960ల్లోనే చెప్పింది, ఉత్త కట్టడి వేరు, ఉత్త గారాబం వేరు, ప్రేమా నియమం రెండూ కలిసిన పెంపకం వేరు అని. మా ఇంట్లో నియమాలేం పోలేదు. రాత్రి ఫోన్లు హాల్లోనే, మావి కూడా, ఎందుకంటే ఈ వయసుకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. కాకపోతే ఎందుకో కూర్చోబెట్టి చెప్పాం, వాడి వాదనా విన్నాం, సెలవు రోజుల్లో ఒక గంట ఎక్కువిచ్చాం.

మూడో సెషన్ తర్వాత ఒక రాత్రి ఆరిన బట్టలు మడతపెడుతుంటే వాడొచ్చి పక్కన కూర్చుని సాక్సులు జతలు చెయ్యడం మొదలెట్టాడు. ఎదురుగా కూర్చోబెట్టి అడక్కండి, చేతులకి పనున్నప్పుడు వాళ్లే చెబుతారు అన్నారు మేడమ్, అది నూటికి నూరుపాళ్లు నిజం. తలెత్తకుండానే "వాడు వేరే గ్రూప్‌లో కలిసిపోయాడమ్మా, నేను వెళ్తే బెంచీ మీద బ్యాగ్ పెట్టేస్తారు" అన్నాడు. ఆ పిల్లాడి తల్లికి ఆ క్షణమే ఫోన్ కొట్టాలనిపించింది. "బ్యాగ్ పెట్టేస్తే చాలా బాధేసుంటుంది నాన్నా" అన్నా, ఆగిపోయా. ఊఁ అన్నాడు. రెండు చొక్కాలు మడతపెట్టా. అప్పుడు చెప్పాడు, రోజూ లంచ్‌లో లైబ్రరీకి వెళ్లిపోతున్నాడట, అక్కడికి ఇంకో అబ్బాయి వస్తాడట, వాడూ ఎవరితో మాట్లాడడట.

కడుపు నొప్పి పూర్తిగా పోలేదు, సోమవారాలు వస్తోంది. ఈ శనివారం ఆ లైబ్రరీ అబ్బాయి మా ఇంటికి వస్తున్నాడు. తలుపు తీసి పలకరించి లోపలికెళ్లిపో అమ్మా, ప్రశ్నలు అడక్కు అని ఇప్పటికి రెండుసార్లు చెప్పాడు. సరే నాన్నా అన్నా.