పాచి చెప్పిన లెక్క

రెండు రోజులు పళ్లు తోమకుండా ఉండాలన్నారు. మా అబ్బాయి స్నేహితుడి చెల్లెలు దంతవైద్యంలో పీజీ చేస్తోంది. తన పరిశోధనకు పంటి మీద పాచి కావాలని అడిగితే ఒప్పుకున్నాను. రెండో రోజుకే నాలుక ఎక్కడ తగిలినా జిగట.

మూడో రోజు పరగడుపున వెళ్లాను. పళ్ల మీద నుంచి పాచి కొద్దిగా గీకి, డిస్టిల్డ్ వాటర్‌లో కలిపి పీహెచ్ మీటరు పెట్టింది. ఆ అంకె ఎంత తగ్గితే ఆమ్లం అంత ఎక్కువన్నమాట. 6.9. పంచదార నీళ్లు ఒక నిమిషం పుక్కిలించి ఉమ్మేశాను. పది నిమిషాల తరువాత మళ్లీ గీకితే 5.1! దాదాపు 5.5 కంటే దిగితే పంటి పైపొర ఎనామిల్‌లోని ఖనిజం కరగడం మొదలవుతుందట. పాచిలోని బాక్టీరియా పంచదారను అంత వేగంగా ఆమ్లంగా మార్చేసింది. లాలాజలం దాన్ని విరిచి, అంకెను మళ్లీ మొదటికి తేవడానికి నలభై నిమిషాలు పట్టింది. 1940లలో దంత పరిశోధకుడు రాబర్ట్ స్టీఫన్ గుర్తించినది ఈ పతనాన్నే. దంతవైద్యులు ఇప్పటికీ దాన్ని ఆయన పేరుతోనే పిలుస్తారు.

వారానికొకటి చొప్పున, పంచదారకు బదులు వాడే తీపి పదార్థాలనూ చూశాం. సార్బిటాల్‌తో అంకె కొద్దిగా, నెమ్మదిగా దిగింది. జైలిటాల్‌తో దాదాపు కదలలేదు, ఆ బాక్టీరియాకు దాన్ని ఆమ్లంగా మార్చడం చేతకాదు.

"బెల్లం కూడా చూడమ్మా" అన్నాను. పరిశోధనలో లేకపోయినా నా కోసం చూసింది. 5.2. బెల్లంలోనూ ఎక్కువ భాగం సుక్రోజే, అంటే పంచదారలో ఉండేదే. పంచదార మానేశానన్న ధైర్యంతో నేను రోజుకు ఆరుసార్లు బెల్లం టీ తాగుతున్నాను. ఆరు నలభైలు, నాలుగు గంటలు. రెండు చెంచాలు వేశానా ఒకటి వేశానా అన్నదానికంటే ఎన్నిసార్లు తాగానన్నదే పంటికి ముఖ్యమని అప్పుడు అర్థమైంది. ఇప్పుడు రెండుసార్లే, అదీ భోజనం, టిఫిన్‌లతో పాటు. జైలిటాల్ చూయింగ్ గమ్ కూడా కొన్నాను కానీ, అది కుక్కలకు విషమని తెలిసి అందకుండా పైఅరలో పెట్టాను.

"నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది బాబాయ్" అని ఆ అమ్మాయి అన్నప్పుడు మాత్రం గుండె గుబేలుమంది. మా మనవడు పంచదార కలిపిన పాలసీసా నోట్లో పెట్టుకునే నిద్రపోతాడు. అక్కడి నుంచే కోడలికి ఫోను చేశాను. నాలుగు రాత్రులు ఏడ్చాడు. ఐదో రాత్రి మంచినీళ్లు తాగి పడుకున్నాడు.