బోర్డర్‌ల్యాండ్స్ 2: నదికి ఇటు నేను, అటు మా బావ, లెవెల్ 1 నుంచి 33 దాకా

మొదలుపెట్టి పదకొండు వారాలైంది. నేనుండేది పర్లాకిమిడి, మా బావ, అంటే మా పెద్దమామయ్య కొడుకు, పాతపట్నం. మధ్యలో మహేంద్రతనయ ఒక్కటే, ఇటు ఒడిశా, అటు ఆంధ్రా, బండి తీస్తే కాసేపట్లో నీలమణి దుర్గమ్మ గుడి దగ్గర ఉంటాను. అయినా నా జిరాక్స్ షాపు షట్టర్ దించి, అతను మెడికల్ షాపు కట్టేసి, ఇంట్లో పనులు చూసుకునేసరికి ఇద్దరికీ రాత్రి పదిన్నర అవుతుంది, ఆ టైములో ఒకరింటికి ఒకరం వెళ్ళడం కుదరదు కాబట్టి ఎవరింట్లో వాళ్ళు కూర్చుని కలిసి ఆడే ఆట కోసం చాలా వెతికి దీని దగ్గర ఆగాం.

గేర్‌బాక్స్ వాళ్ళు దీన్ని 2012లో తెచ్చారు. పాతది కావడమే మాకు కలిసొచ్చింది, మా లాప్‌టాప్‌లూ ఆ కాలానివే. నలుగురి దాకా కలిసి ఆడొచ్చు. తుపాకీ పట్టుకుని కాల్చే ఆటే గానీ లెవెల్ పెరగడం, స్కిల్ పాయింట్లు పెట్టుకోవడం, చచ్చిన ప్రతివాడి దగ్గరా ఏదో ఒకటి రాలడం, అందులో మంచిది ఏరుకోవడం, అసలు ఆట అంతా అక్కడే ఉంది. తుపాకీ ఎంత అరుదైనదో రంగు చెబుతుంది: తెలుపు, ఆకుపచ్చ, నీలం, ఊదా, నారింజ. మేం ఊదాని వంకాయ అంటాం. నారింజని మాత్రం పేరు పెట్టి పిలవం, అది పడితే ఇద్దరం ఒకేసారి కేకేస్తాం.

ముందు సెటప్ సంగతి, ఇది పనికొస్తుంది. డీఎల్‌సీలు, అంటే తర్వాత వచ్చిన అదనపు భాగాలు, అన్నీ కలిపితే ఆట ఇరవై జీబీ దాకా ఉంది, బావ దగ్గర ఉన్నది ఫోన్ డేటా మాత్రమే. నేను షాపు లైను మీద దించి, ఆటలు కొని దించుకునే స్టీమ్ యాప్ ఫోల్డర్లో స్టీమ్‌యాప్స్, దానిలో కామన్, అందులో ఉన్న ఆట ఫోల్డర్ మొత్తం పెన్‌డ్రైవ్‌లో వేసుకుని నది దాటించాను. అతని స్టీమ్‌లో ఇన్‌స్టాల్ మొదలుపెట్టి, వెంటనే ఆపి, ఈ ఫోల్డర్ అక్కడ అతికించి మళ్ళీ మొదలుపెడితే ఉన్న ఫైళ్ళని సరిచూసుకుని మిగిలిన కొంచెమే దించుకుంది. సెట్టింగుల్లో ఫిజ్ఎక్స్ (ముక్కలు ఎగరడం, గుడ్డలు ఊగడం లాంటివి చూపించేది) తక్కువకి, అంటే "Low"కి పెట్టండి, పాత లాప్‌టాప్ అన్నిటికంటే ఎక్కువ దాని దగ్గరే ఆయాసపడుతుంది. నీడల మెరుగు కోసం ఉండే యాంబియంట్ అక్లూజన్ ఆపేశాం, రిజల్యూషన్ 1366 బై 768. నాది ఎక్కువ గొడవల్లో కూడా సెకనుకి నలభై ఫ్రేముల పైనే ఉంటోంది, బావది ముప్పైకి క్యాప్ చేశాం, ఎక్కి దిగే ఫ్రేములకంటే కదలకుండా ఉండే ముప్పై మేలు.

హోస్ట్, అంటే ఆటని తన లాప్‌టాప్ మీద నడిపి రెండోవాణ్ణి చేర్చుకునేవాడు, ఎప్పుడూ నేనే. బావ ఫోన్ హాట్‌స్పాట్ మీద అతను హోస్ట్ చేసిన రెండు రోజులూ శత్రువులు ఒకచోట మాయమై ఇంకోచోట తేలేవాళ్ళు. పైగా ఎవరు హోస్ట్ చేస్తే వాళ్ళ కథే నడుస్తుంది కాబట్టి మనిషి మారకుండా ఉంటే ఎంతవరకు వచ్చామన్న గందరగోళం ఉండదు. మాటలకి మాత్రం మామూలు ఫోన్ కాల్, స్పీకర్ ఆన్. మా మేడ మీద కూర్చుంటే నా ఫోనుకి ఒకోసారి ఆంధ్రా టవరే తగులుతుంది, ఇద్దరం ఒకే టవర్ మీద మాట్లాడుకుంటున్నామేమో అనిపిస్తుంది.

మొదటి రెండు వారాలు, లెవెల్ 1 నుంచి 9. నేను ఆక్స్‌టన్ అనే పాత్ర, టరెట్ (తనంతట తానే కాల్చే తుపాకీ యంత్రం) విసిరే కమాండో. బావ మాయా, శత్రువుని గాల్లోకి లేపి కట్టేసే సైరన్, ఆ పనికి ఆటలో ఫేజ్‌లాక్ అని పేరు, మా భాషలో "కట్టీ బావా" అంతే. ఇద్దరికీ ఆ శక్తి లెవెల్ 5 దగ్గర వస్తుంది, అప్పటిదాకా ఉత్త తుపాకులే. మంచులో క్లాప్‌ట్రాప్ అనే రోబో వెనక నడవడం, నకిల్ డ్రాగర్ అనే పెద్ద కోతిలాంటి దాన్ని చంపడం, లయర్స్ బర్గ్, అక్కణ్ణుంచి కెప్టెన్ ఫ్లింట్ ఓడ. కష్టమేమీ లేదు.

గొడవ వచ్చింది మాత్రం ఆ ఓడ మీదే. ఈ ఆటలో రాలినవి ఎవరికి వారికి వేరుగా ఉండవు, నేల మీద ఒక్కటే కుప్ప, ముందు ఎవరి చెయ్యి పడితే వాళ్ళది. 2019లో వచ్చిన మూడో భాగంలో ఎవరి లూట్ వారికి విడిగా వచ్చే పద్ధతి పెట్టారు, రెండులో అది లేదు. బావ వేళ్ళు చురుకు, ఫ్లింట్ పడీపడగానే నీలం షీల్డూ, వంకాయ షాట్‌గన్నూ రెండూ అతని సంచిలోకి వెళ్ళిపోయాయి. నేను ఏమీ అనలేదు గానీ మనసుకి కష్టమనిపించింది, అతనికీ తెలిసింది. మర్నాడు ఉదయం షాపు తెరవకముందే ఫోన్ చేసి "ఏట్రా, రాత్రి సరిగా మాట్లాడలేదు?" అన్నాడు. అప్పుడు కూర్చుని పద్ధతి ఒకటి పెట్టుకున్నాం, తర్వాత తొమ్మిది వారాలు సాఫీగా సాగడానికి కారణం అదే.

నీలం, ఆపైన ఏది పడినా ముందు ఎవరూ ముట్టుకోరు. చూసినవాడు "చూడు" అంటాడు, ఇద్దరం దాని మీద నిలబడి, వివరాలు చూపించే కార్డు చదువుతాం. ఇప్పుడు చేతిలో ఉన్నదానికంటే ఎవరికి ఎక్కువ తేడా వస్తుంది, ఎవరి స్కిల్స్‌కి కలుస్తుంది, ఈ రెండే ప్రశ్నలు. రెండూ సమానమైతే కిందటిసారి తీసుకోనివాడిది. కిందటిసారి ఎవరు తీసుకున్నారో గుర్తుండదు కాబట్టి నా షాపులో ఒక రూళ్ళ పుస్తకం తీసి రాయడం మొదలుపెట్టాను: తేదీ, వస్తువు, లెవెల్, ఎవరికి. ఇప్పటికి ఎనిమిది పేజీలు నిండాయి.

పుస్తకం రాయడం వల్ల ఇంకో సంగతి బయటపడింది. మొదటి నెలలో మేం దాచుకున్న వంకాయ తుపాకులు ఎక్కువ శాతం మూడు లెవెళ్ళు దాటాక అమ్మేసినవే. లెవెల్ 9 వంకాయ పిస్టల్ కంటే లెవెల్ 13 ఆకుపచ్చది చాలాసార్లు గట్టిగా తగులుతుంది. రంగు చూసి చెయ్యి చాపకుండా కార్డు మీద డ్యామేజీ, ఎన్ని గుళ్ళు ఒకేసారి వెళ్తాయి, ఎంత త్వరగా కాలుస్తుంది, రీలోడ్‌కి ఎంతసేపు, ఇవి చదవాలి. కంపెనీ పేరు కూడా చూడాలి, ఆటలో కంపెనీలకి ఒక్కోదానికి ఒక్కో స్వభావం ఉంది: టార్గ్‌వి పేలతాయి గానీ గుండు నెమ్మది, వ్లాడాఫ్‌వి జోరుగా కాలుస్తాయి, జేకబ్స్‌లో ఎలిమెంట్ (నిప్పు, కరెంటు, యాసిడ్ లాంటి అదనపు దెబ్బ) ఉండదు గానీ ట్రిగ్గర్ ఎంత వేగంగా నొక్కితే అంత, హైపీరియన్‌వి కాల్చేకొద్దీ గురి కుదురుతుంది, మాలివాన్‌వి ఎప్పుడూ ఏదో ఒక ఎలిమెంట్‌తోనే వస్తాయి, టెడియోర్ రీలోడ్ చేయకుండా విసిరేస్తే అది బాంబులా పేలుతుంది, మ్యాగజైన్ నిండా ఉండగా విసిరితే ఇంకా గట్టిగా. నాకు వ్లాడాఫ్, టార్గ్ పడ్డాయి. బావకి మాలివాన్ తప్ప వేరేది నచ్చదు, అది అతని స్కిల్స్‌కి కూడా సరిగ్గా సరిపోతుంది.

నాలుగో వారం వానలకి మా వైపు మూడు రాత్రులు కరెంటు లేదు. 2018లో తిత్లీ తుఫాను చూసిన ఊరు మాది, మూడు రాత్రులు పెద్ద లెక్కేం కాదు, కానీ నది అవతల బావకి కరెంటు ఉంది, ఊరుకోలేక ఒక్కడే ఆడేశాడు. నేను 13 దగ్గర ఉన్నాను, అతను 17. నాలుగు లెవెళ్ళే కదా అనుకుంటే కాదు, ఈ ఆటలో లెవెల్ తేడా మన గుండు తగిలే బలాన్నే మార్చేస్తుంది. నా కథలో అతను ఒక్క దెబ్బకి అందర్నీ పడేస్తుంటే నాకు పనే లేదు, అతనికి లెవెలూ పెరగదు. సైడ్ మిషన్లు చేసుకుంటూ ఆ తేడా పూడ్చడానికి వారంన్నర పట్టింది. అప్పటినుంచి ఈ రెండు పాత్రలూ ఇద్దరం ఉన్నప్పుడే తీస్తాం, ఒంటరిగా ఆడాలనిపిస్తే బావ సాల్వడార్ అనే ఇంకో పాత్రతో వేరే మొదలుపెట్టాడు. అందులో మాయాకి పనికొచ్చేది ఏదైనా దొరికితే, ఆటలో మన స్థావరమైన శాంక్చురీ ఊళ్ళో క్లాప్‌ట్రాప్ దాపు ఉంది, అందులో నాలుగు వస్తువులు పెట్టి మన ఇంకో పాత్రతో తీసుకోవచ్చు.

ఎలిమెంట్ల విలువ మాకు విల్‌హెమ్ అనే బాస్ (పెద్ద శత్రువు) దగ్గర బోధపడింది, లెవెల్ 18లో ఉన్నాం. ఒంటికి నిప్పు, షీల్డుకి కరెంటు, ఇనుప కవచానికి యాసిడ్, ఇది ముందే తెలుసు గానీ చేతిలో ఉన్న మంచి తుపాకీ వదలబుద్ధి కాక దానితోనే కాల్చుతూ మూడుసార్లు ఓడిపోయాం. చచ్చి న్యూ-యూ స్టేషన్ దగ్గర లేచిన ప్రతిసారీ ఉన్న డబ్బులో ఏడు శాతం పోతుంది, అదీ బాధే. నాలుగోసారి బావ కరెంటు ఎస్‌ఎమ్‌జీ (చిన్న మెషిన్‌గన్)తో షీల్డు దించడం, దిగగానే నేను యాసిడ్ రైఫిల్ తియ్యడం, విల్‌హెమ్‌కి మరమ్మతు చేయడానికి ఎగిరొచ్చే సర్వేయర్లనే చిన్న రోబోల్ని నా టరెట్ చూసుకోవడం, ఇలా పనులు పంచుకున్నాం. ఐదు నిమిషాల్లో పడ్డాడు. అప్పటినుంచి ఇద్దరి దగ్గరా కలిపి మూడు ఎలిమెంట్లూ ఉన్నాయా లేదా అని చూసుకోకుండా ఏ బాస్ దగ్గరకీ వెళ్ళడం లేదు.

మాయా స్కిల్ చెట్లలో (స్కిల్స్ వరసలు) హార్మొనీ అనేదానిలో రెస్ అని ఒక స్కిల్ ఉంది, ఇద్దరు ఆడేవాళ్ళు దాన్ని వదలొద్దు. నేను కిందపడి ప్రాణం పోయే గీత తగ్గుతుంటే బావ నా వైపు చూసి ఫేజ్‌లాక్ నొక్కుతాడు, దూరంలో ఉన్నా లేచి నిలబడతాను. దానికి ముందు నా దగ్గరకి పరిగెత్తుకొచ్చి అతనూ పడిపోయేవాడు.

రథయాత్ర రోజు షాపు లేదు, బావ లాప్‌టాప్ పట్టుకుని మా ఇంటికే వచ్చాడు. రెండు లాప్‌టాప్‌ల మధ్య ఒకే లాన్ కేబుల్, రెండింటికీ 192.168.1.10, 192.168.1.11 అని ఐపీ చేత్తో ఇచ్చి, ఆటలో నెట్‌వర్క్ మోడ్ లాన్ పెట్టాం. తేడా మామూలుగా లేదు, ఫేజ్‌లాక్ నొక్కిన క్షణానికే లేస్తుంది. మధ్యాహ్నం రథం చూసొచ్చి, బరా ఘుగ్ని తిని, బంకర్ అనే బాస్ పని పట్టడానికి కూర్చున్నాం. అది ఎగురుతూ కాల్చే పెద్ద యంత్రం, కవచమంతా ఇనుమే కాబట్టి యాసిడ్ తప్ప వేరే ఆలోచన పెట్టుకోనవసరం లేదు. బావ దగ్గర మాలివాన్ యాసిడ్ స్నైపర్ ఉంది, అది నాకిచ్చి అతను లేపే పనిలోనే ఉన్నాడు. పుస్తకంలో "అప్పు" అని రాసుకున్నాం, సాయంత్రం తిరిగి ఇచ్చేశాను.

కథలో చివరి బాస్ వారియర్‌ని తొమ్మిదో వారంలో కొట్టాం, లెవెల్ 31. ఛాతీ మీద గురి పెట్టడం, లావా లేచినప్పుడు ఎత్తు మీదికి ఎక్కడం, అంతే. అది పడ్డాక రాలిన కుప్పని పంచుకోవడానికి ముప్పావుగంట పట్టింది, ఒక్కోటీ చదివాం.

ఇప్పుడు ట్రూ వాల్ట్ హంటర్ మోడ్, అదే కథ మళ్ళీ మొదటినుంచి, శత్రువులు ఇంకా గట్టిగా. ఇక్కడ స్లాగ్ అనే ఇంకో ఎలిమెంట్ లేకుండా ఆడితే గుళ్ళు ఖాళీ అవుతాయి. స్లాగ్ పూసిన శత్రువుకి మిగతా తుపాకుల దెబ్బ రెట్టింపు తగులుతుంది, తర్వాత వచ్చే అల్టిమేట్ మోడ్‌లో మూడింతలు. స్లాగ్ తుపాకీ దెబ్బకే ఆ రెట్టింపు రాదు, పూసి వెంటనే వేరే తుపాకీకి మారాలి, అది వేళ్ళకి అలవాటవ్వాలి. ఒకరు పూసినదాని మీద ఇంకొకరు పూసినా ఎక్కువవదు కాబట్టి ఆ పని ఒక్కరికే చాలు. నేను 30 దాటాక శాంక్చురీలో పాయింట్లన్నీ వెనక్కి తీసుకుని గెరిల్లా చెట్టులో 26 పెట్టాను, చివర ఉండే డబుల్ అప్ వస్తే టరెట్ రెండు గొట్టాలతో స్లాగే కాలుస్తుంది. బావకి ఆ బరువు తగ్గింది, హార్మొనీలో రెస్ దాకా ఉంచుకుని మిగతావన్నీ కాటక్లిజమ్ చెట్టులో పెట్టాడు. శాంక్చురీలో ఉన్న పెట్టెని తెరిచే గోల్డెన్ కీలు ఇద్దరం ఒక్కటి కూడా వాడలేదు, ఆ పెట్టెలో వచ్చేది మన లెవెల్‌కే వస్తుంది కాబట్టి 50 దగ్గర తెరవాలని అనుకున్నాం. లెవెళ్ళ పరిమితి 2019లో 80 దాకా వెళ్ళింది, మా లెక్క ప్రకారం అది వచ్చే సంక్రాంతి మాట.

గత రెండు ఆదివారాలూ నకిల్ డ్రాగర్ దగ్గరే గడిపాం. హార్నెట్ అనే నారింజ పిస్టల్ దాని దగ్గర పడుతుంది, డాల్ కంపెనీది, యాసిడ్, ముందు ముందు రోబోలు చాలా వస్తాయి కాబట్టి ఈ లెవెల్‌లో అంతకంటే మంచిది మాకు తెలియదు. సేవ్ చేసి బయటికొచ్చి మళ్ళీ లోపలికెళ్తే కోతి మళ్ళీ ఉంటుంది. హోస్ట్ బయటికొస్తే రెండోవాడు ప్రతిసారీ తిరిగి చేరాలి, నెట్ మీద అది విసుగు, లాన్ మీద కొన్ని సెకన్లే, అందుకే ఆదివారమే ఈ పని పెట్టుకున్నాం. ఒక్కో రౌండుకి మూడు నిమిషాలు. మొదటి ఆదివారం పద్నాలుగుసార్లు, ఏమీ లేదు. రెండో ఆదివారం తొమ్మిదోసారికి, బావ ఇంట్లో, మా అత్త టీ తెచ్చి పెట్టిన టైములో నారింజ వెలుగు పైకి లేచింది. ఇద్దరం కేకేసేసరికి ఆవిడ కప్పు వదిలేయబోయింది.

దాని మీద నిలబడి చదివాం. నాకు ఎంత కావాలనిపించిందో చెప్పలేను, రెండు వారాలుగా దాని గురించే ఆలోచిస్తున్నాను. కానీ మాయాకి కాటక్లిజమ్‌లో ఎలిమెంట్ అంటుకునే అవకాశం పెంచే స్కిల్ నిండుగా ఉంది, నా ఆక్స్‌టన్ చేతిలో అది మంచి పిస్టల్ మాత్రమే. బావ "నువ్వు తీసుకో, నువ్వే కదా అడిగావు" అన్నాడు. పుస్తకం తీసి మొదటి పేజీలో మేం రాసుకున్న రెండు ప్రశ్నలూ అతనికి చదివి వినిపించాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు, తీసుకుని, అక్కడే గాల్లోకి నాలుగు గుళ్ళు కాల్చాడు.

పుస్తకంలో ఆ రోజు వరస: హార్నెట్, లెవెల్ 33, బావ. దాని కిందే అతని చేతిరాతతో, "తర్వాతి నారింజ చదవక్కర్లేదు, నీదే."