మలుపుకో నంబరు

"మలుపుకో నంబరా!" మ్యాప్ మీదకి వంగి గట్టిగా అరిచాడు మావాడు.

అవును మరి. స్లొవేనియాలో వర్షిచ్ కనుమ దారి అంటే మాటలా! మొత్తం 50 హెయిర్‌పిన్ మలుపులు, ప్రతిదాని దగ్గరా నంబరు, ఎత్తు రాసిన బోర్డు. పైకి చేరితే 1,611 మీటర్లు.

మ్యూనిక్‌లో సాయంత్రం నుంచీ ఒకటే వాన. బైకు తీసే పని లేదు కాబట్టి ఆ దారిలో వెళ్ళే ప్లాన్ మీద పడ్డాం. మేం ఎక్కబోయే క్రాన్స్‌కా గోరా ఊరి వైపు మలుపుల్లో తారు ఉండదు, రాళ్ళు పరిచి ఉంటాయి. తడిగా ఉంటే టైరు జారుతుంది. ఎండ తగిలి రాళ్ళు ఆరాక ఎక్కుదామని నేను. ఆలస్యమైతే కార్లు, సైకిళ్ళతో దారి నిండిపోతుందని వాడు. ఇంకా తేలలేదు.

ఎనిమిదో మలుపు దగ్గర చిన్న చెక్క చర్చి ఒకటుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఈ రోడ్డు వేసింది ఆస్ట్రియా-హంగరీకి పట్టుబడిన రష్యన్ ఖైదీలు. 1916 మార్చిలో మంచు విరుచుకుపడి వందమందికి పైగా పోయారు. తోటి ఖైదీలే వాళ్ళ కోసం ఆ చర్చి కట్టారు. అది చదివాక టైర్ల గొడవ కాసేపు పక్కకి పోయింది. మనం సరదాకి తిరిగే మలుపులు ఎవరి చేతులతో తయారయ్యాయో! అక్కడ బండి ఆపాలి, హెల్మెట్ తీయాలి. దీనికి మాత్రం ఇద్దరం ఒకటే మాట.

అవతల దిగితే ట్రెంటా లోయ, పక్కనే సోచా నది. రాత్రికి బోవెట్స్‌లో మకాం.

చలికాలంలో కనుమ మూసేస్తారు కాబట్టి జూన్ ఆఖరు అనుకుంటున్నాం. అటు బండి మీద వెళ్ళొచ్చినవాళ్ళుంటే చెప్పండి, బోవెట్స్‌లో గది ముందే బుక్ చేసుకోవాలా?