కాజీపేట క్యారల్స్, డోర్నకల్ గుడి

డిసెంబరు చివరి వారంలో కాజీపేట స్టేషన్ బయటికి వస్తే చాలు, క్రిస్మస్ పండగ కళ్ళకు కడుతుంది. రైల్వే క్వార్టర్లలో ఇంటింటికీ నక్షత్రం వేలాడుతూ ఉంటుంది. ఫాతిమానగర్‌లో కతోలికుల కెథెడ్రల్, అంటే బిషప్ గారి పెద్ద గుడి, దీపాలతో వెలుగుతూ ఉంటుంది. ఈ చుట్టుపక్కలకు క్రైస్తవం ఒక్క దారిన రాలేదు. హనుమకొండకు అమెరికన్ బాప్టిస్టు మిషనరీలు 19వ శతాబ్దంలోనే వచ్చారు. జంక్షన్ పెరిగే కొద్దీ ఉద్యోగాల కోసం వచ్చిన కుటుంబాలు తమ ఆరాధననూ వెంట తెచ్చుకున్నాయి. అందుకే ఇక్కడ ఒకే వీధిలో రకరకాల క్రైస్తవ సంఘాల వాళ్ళు కనిపిస్తారు. ఇంటింటికీ తిరుగుతూ క్రిస్మస్ పాటలు పాడే క్యారల్స్ వచ్చేసరికి ఎవరి గుంపు పాడుతోందని ఎవరూ అడగరు, తలుపు తీస్తారు.

నేనూ మా అమ్మాయీ బెంగళూరు నుంచి చిన్నమ్మ వాళ్ళింటికి వచ్చాం. చిన్నాయిన లోకో షెడ్డులో పనిచేసి రిటైరయ్యాడు.

"వచ్చిన్రా బిడ్డా! వేడినీళ్ళు పెట్టిన, ముందుగాల కాళ్ళు కడుక్కోండ్రి" అని చిన్నమ్మ గుమ్మంలోనే సంచులు లాక్కుంది. వంటింట్లో అప్పటికే నలుగురైదుగురు ఆడవాళ్ళు నేలమీద పాత తెల్లచీర పరిచి సకినాలు చుడుతున్నారు. మిగతా ఊరంతా సంక్రాంతికి చేసుకునే సకినాలు క్రైస్తవుల ఇళ్ళల్లో క్రిస్మస్‌కే మొదలవుతాయి. తడి బియ్యప్పిండిలో నువ్వులు, వాము, ఉప్పు కలిపి, పిడికిట్లో పిండి పట్టుకుని బొటనవేలు, చూపుడువేలు మధ్య మెలితిప్పుతూ చుట్టు మీద చుట్టు వేస్తారు. మెలిక సమంగా పడాలి. బట్ట తేమ కాస్త పీల్చుకున్నాక అట్లకాడతో నెమ్మదిగా లేపి నూనెలో జారవిడుస్తారు. మా అమ్మాయి వేసిన చుట్టు మధ్యలోనే తెగిపోతే పక్కింటి అత్తమ్మ ఆ పిల్ల వేళ్ళ మీద తన వేళ్ళు పెట్టి తిప్పించింది.

చేతులు తిరుగుతుంటే పాట దానంతటదే వచ్చింది. ఒకరు పల్లవి అందుకున్నారు, ఇంకొకరు కింది స్థాయిలో కలిశారు, నూనె దగ్గర కూర్చున్న చిన్నమ్మ చరణం పాడింది. పాత కీర్తనల పుస్తకంలో చాలా పాటల మీద రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. ఆ వంటింట్లో ఎవరికీ పుస్తకం అక్కర్లేకపోయింది. చిన్నమ్మకు రాగాల పేర్లు తెలియవు. అయినా ఏ చరణంలో గొంతు ఎక్కడ ఆగాలో, ఎక్కడ వంగాలో వాళ్ళమ్మ నోట విన్నది విన్నట్టు వచ్చు. నాకు తెలిసి తెలుగు క్రైస్తవుల అసలు సంగీత పాఠశాల ఇదే, ఇలాంటి వంటిళ్ళే.

రాత్రి భోజనాలయ్యాక యూత్ పిల్లలతో క్యారల్స్‌కు బయల్దేరాం. మంచి చలి. మంకీ టోపీలు, శాలువాలు, ఒక డోలక్, ఒక గిటారు, రెండు కంజీరలు. వెదురు బద్దలకు రంగు కాగితం అంటించి, లోపల బల్బు పెట్టిన నక్షత్రాన్ని కర్రకు కట్టి ఒక పిల్లాడు ముందు నడిచాడు. కొన్ని గుంపులు ఆటో మీద పెద్ద సౌండ్ బాక్సులు పెట్టుకుని తిరుగుతున్నాయి. నాకు అది నచ్చదు. మైకు ఉంటే నలుగురు పాడతారు, మిగతావాళ్ళు వింటారు. మైకు లేకపోతే అందరూ పాడాల్సిందే, శ్రుతి కుదరని చిన్నాయినతో సహా. ఇంటివాళ్ళు కూడా గడపలోకి వచ్చి గొంతు కలుపుతారు. ఒక పాట, ఒక బైబిలు వాక్యం, చిన్న ప్రార్థన, చేతిలో కేకు ముక్కో చెక్కగారెలో, ఆపైన పక్కిల్లు.

ఒక క్వార్టరు ముందు లోకో పైలట్ ఒకాయన డ్యూటీకి బయల్దేరుతూ కనిపించాడు. మోటార్‌సైకిల్ స్టార్టయి ఉంది, డ్యూటీ సామాను పెట్టుకునే లైన్ బాక్సు వెనక కట్టి ఉంది. రైళ్ళకు పండగ సెలవుండదు కదా. మమ్మల్ని చూసి ఇంజను ఆపేశాడు. వాళ్ళావిడ చిన్నబిడ్డను ఎత్తుకుని మెట్ల మీద నిలబడింది. పిల్లలు గిటారు పక్కన పెట్టి, ఒక్క డోలక్ మీదే నెమ్మదిగా ఒక పాత పాట పాడారు. పెద్దాయన ఒకరు అతని భుజం మీద చెయ్యి వేసి, రైలూ అందులో ఉన్నవాళ్ళూ క్షేమంగా చేరాలని ప్రార్థన చేశారు. "ఆమెన్" అని, టోపీ సర్దుకుని వెళ్ళిపోయాడు. "ఏటా గిట్లనే అక్కా, పండుగనాడు ఎప్పుడన్న ఇంట్ల ఉన్నడా!" అందామె. ఆ మాట విన్న చిన్నమ్మ మర్నాడు బిడ్డనెత్తుకుని మా ఇంటికే రమ్మని గట్టిగా చెప్పింది. ఆమె వచ్చింది కూడా.

క్రిస్మస్ ఉదయం ఆరాధన, వాక్యం, రొట్టె ద్రాక్షరసం తీసుకునే సంస్కారం, దీవెన అయ్యేసరికి ఎండ బాగా ఎక్కింది. ఆడవాళ్ళు గుడి ఆవరణలో కోలాటం వేశారు. ఇంట్లో బగార అన్నం, మటన్ కూర, పచ్చిపులుసు. ఎవరు ఎవరి చుట్టమో తేల్చుకునే లోపే విస్తర్లు పరిచేశారు. పొరుగున ఉన్న హిందూ, ముస్లిం కుటుంబాలకు చిన్నమ్మ కేకు, సకినాలు డబ్బాలకెత్తి ముందే పంపింది. బోనాలకూ రంజానుకూ ఆ డబ్బాలే ఇటు వస్తాయట.

మర్నాడు రైల్లో డోర్నకల్ వెళ్ళాం. అక్కడి గుడి చూడటం, ఈ ప్రయాణంలో నేను మరీ కోరుకున్నది అదే. నెక్కొండ, కేసముద్రం, మహబూబాబాద్ దాటుతుంటే కిటికీలోంచి ఏరగా మిగిలిన పత్తి, అక్కడక్కడా ఎరుపు తిరుగుతున్న మిర్చి తోటలు. డోర్నకల్ ఇప్పుడు మహబూబాబాద్ జిల్లా, ఒకప్పుడు వరంగల్ జిల్లా.

వేదనాయగం శామ్యూల్ అజరయ్య తిరునెల్వేలి ప్రాంతపు తమిళుడు. తెలుగు నేర్చుకుని ఇక్కడ సేవ చేశారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయనకు బిషప్ అభిషేకం జరిగింది. ఇంగ్లండు నుంచి వచ్చిన ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన మొదటి భారతీయుడు ఆయనే. ఆయన పూనికతో లేచిన ఎపిఫనీ కెథెడ్రల్‌ను 1939 జనవరి 6న ప్రతిష్ఠించారు. బయటినుంచి చూస్తే గుమ్మటాలు, మినార్లు. స్తంభాల దగ్గర నిలబడితే గుడి మండపంలో ఉన్నట్టే ఉంటుంది. మాల మాదిగ పల్లెల నుంచి వేలాదిగా సంఘంలో చేరినవాళ్ళు పరాయి చోటికి వచ్చామనుకోకూడదు. ఆరాధన వాళ్ళ పాటతో, వాళ్ళ వాయిద్యాలతో సాగాలి. ఆయన పట్టుదల అది. బొమ్మల్లో ఎన్నోసార్లు చూశాను గానీ లోపల నిలబడ్డాకే అది ఎంత నిజమో తెలిసింది.

మేం వెళ్ళేసరికి ఆరాధన వేళ కాదు. పక్క ఊళ్ళ నుంచి వచ్చిన కుటుంబం ఒకటి, చంటిబిడ్డతో కృతజ్ఞత చెల్లించుకోవడానికి వచ్చింది. అందులో ఒక ముసలామె బిడ్డను ఒళ్ళో పెట్టుకుని భజన ఎత్తుకుంది. ఆమె ఒక వరస పాడితే మిగతావాళ్ళు అదే వరస తిరిగి పాడుతున్నారు. చప్పట్లే తాళం. చిన్నమ్మకు ఆ పాట తెలుసు. అడగకుండానే వెళ్ళి వాళ్ళ పక్కన కూర్చుంది. మేమూ కూర్చున్నాం. పైకప్పు కింద ఆ గొంతులు తిరిగి తిరిగి వినిపిస్తుంటే మా అమ్మాయి కళ్ళు పెద్దవి చేసి వింది. మూడో చరణానికల్లా పల్లవి అందుకుంది. వంటింట్లో, వీధిలో, ఇక్కడ, పాడే తీరు ఒక్కటే: ఒకరు మొదలుపెట్టాలి, పక్కవాళ్ళు కలవాలి.

అజరయ్య 1945 జనవరి 1న కన్నుమూశారు, సమాధి ఇక్కడే ఉంది. చిన్నాయిన చెప్పులు విడిచి అక్కడ కాసేపు నిలబడ్డాడు.

బయట చెట్టు కింద ఆ కుటుంబం సద్ది విప్పింది. జొన్నరొట్టెలు, కోడికూర. "మా దగ్గర తినకుంట పోతరా?" అని ముసలామె మా అమ్మాయి చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. చిన్నమ్మ సంచిలోంచి సకినాలు తీసి మధ్యలో పోసింది. ముసలామె ఒకటి విరిచి నోట్లో వేసుకుని, "వాము జర తక్కువైంది చెల్లె" అంది. చిన్నమ్మ ఒప్పుకోలేదు. సాయంత్రం బండి టైమయ్యే దాకా ఇద్దరూ వాము గురించీ, మనవల గురించీ, తమ ఊళ్ళల్లో పాడే పాటల గురించీ మాట్లాడుకుంటూనే ఉన్నారు.