పాడేది గంటన్నర, మోసేది రోజంతా

మాది హైదరాబాద్ బ్యాండు. తెలుగులో సొంత పాటలు రాసుకుని రాక్ వాయిస్తాం. వారాంతాల్లో జూబ్లీహిల్స్, హైటెక్ సిటీ పబ్బుల్లో వాయించే అవకాశాలకు ఈ ఊళ్లో కొదవ లేదు గానీ, అక్కడ అడిగేవి సినిమా పాటలే. సొంత పాట ఎత్తుకోగానే బల్లల దగ్గర కబుర్లు ఊపందుకుంటాయి. మా పాటలు వినే చెవులు కాలేజీల్లో ఉన్నాయని, అందుకు ఊరు దాటక తప్పదని తేలాక వరంగల్, విజయవాడ, విశాఖపట్నం వరుసగా చుట్టి రావాలనుకున్నాం. నేను బేస్ గిటార్ వాయిస్తాను. ఉన్నవి నాలుగు తీగలే కదా, వీడికి తీరిక ఎక్కువని లెక్కలు, ఫోన్లు, బండి, బస అన్నీ నాకే అంటగట్టారు. అందుకని ఈ రాతలో సంగీతం తక్కువ, సామాను ఎక్కువ. టూర్‌లో ఉండే పాళ్లు కూడా అవే.

ముందు కాగితం పని. ఒప్పుకున్న ప్రతి కార్యక్రమానికీ టెక్ రైడర్ అని ఒకటి పంపాలి. వేదిక మీద ఎవరు ఎక్కడ నిలబడతారో చూపే బొమ్మ, ఏ ఛానల్‌కు ఏ మైకు రావాలో చెప్పే పట్టిక, అక్కడివాళ్లు అద్దెకు తెచ్చి ఉంచాల్సిన డ్రమ్స్, యాంప్‌ల (గిటార్ శబ్దం పెంచే పెట్టెల) వివరాలు అందులో ఉంటాయి. డ్రమ్స్ మొత్తం మోసుకెళ్లడం మా వల్ల కాదు. ఎక్కడైనా డ్రమ్మర్లు చేసేదే మావాడూ చేస్తాడు: స్నేర్ అనే చిన్న డ్రమ్ము, సింబల్స్ అనే లోహపు పళ్లేలు, కాలితో కొట్టే కిక్ పెడల్ సొంతవి, మిగతాదంతా అద్దె సెట్. సింబల్ ఒకసారి చీలితే అతుకు పడదు, అందుకే ఆ సంచీని కన్నతల్లికి కూడా ఇవ్వడు. రైడర్‌లో గాయని పట్టుబట్టి రాయించిన వాక్యం ఇంకొకటి ఉంది: లోపలి నుంచి గడియ పడే గది, దానికి దగ్గర్లో వాడదగిన బాత్‌రూమ్. మగవాళ్లం నలుగురం దాని గురించి ఆలోచించి కూడా ఉండేవాళ్లం కాదు. ఇప్పుడు ఏ క్యాంపస్‌లో దిగినా మొదట అడిగేది అదే.

రైడర్ పంపడం ఒక ఎత్తు, అవతలివాళ్లు దాన్ని చదవడం ఇంకో ఎత్తు. అమెరికా బ్యాండు వాన్ హేలెన్ తమ 1982 టూర్ ఒప్పందంలో గదిలో ఎం అండ్ ఎం మిఠాయిలు పెట్టాలని, వాటిలో గోధుమరంగువి ఒక్కటి కూడా ఉండకూడదని షరతు పెట్టింది. చాలామంది దాన్ని పొగరు అనుకున్నారు. నిజానికి అదో పరీక్ష: గిన్నెలో గోధుమరంగు మిఠాయి కనిపించిందంటే ఒప్పందం ఎవరూ చదవలేదని, వేదిక బరువు, కరెంటు లెక్కలు మళ్లీ చూసుకోవాల్సిందేనని అర్థం అన్నమాట. మా స్థాయికి మిఠాయిలు ఎందుకని మేము వేడినీళ్ల ఫ్లాస్కు రాశాం. గాయనికి ఎలాగూ కావాలి. గదిలో ఫ్లాస్కు ఉంటే మా సౌండ్ ఇంజినీరు స్థిమితంగా టీ తాగుతాడు. లేకపోతే కరెంటు కొలిచే మల్టీమీటర్ తీసుకుని నేరుగా వేదిక వెనక్కి వెళ్తాడు. ఆ మల్టీమీటర్ సంగతి తరవాత చెబుతాను.

బండి టెంపో ట్రావెలర్. దాన్ని కుదుర్చుకునేటప్పుడు సీట్లకన్నా ముందు చూడాల్సింది పర్మిట్. 2014లో రాష్ట్రం రెండయ్యాక, తెలంగాణ అద్దె బండి ఆంధ్రప్రదేశ్‌లో అడుగుపెట్టాలంటే ఆల్ ఇండియా టూరిస్ట్ పర్మిట్ అన్నా ఉండాలి, లేదా తాత్కాలిక పర్మిట్ తీసుకుని పన్ను అన్నా కట్టాలి. తక్కువకు వస్తుందని తెల్ల నంబరు ప్లేటు బండి ఎక్కితే దారిలో ఆపినప్పుడు పోయేది డబ్బు ఒక్కటే కాదు, ఆ సాయంత్రం కార్యక్రమం కూడా. వెనక వరస సీట్లు తీయించి సామాను సర్దాం. బరువైన హార్డ్‌కేసులు అడుగున, గిటార్లు నిలువుగా, వాటి మెడల మధ్య మా దుప్పట్లు. తలుపు లోపలివైపు సామాను జాబితా అంటించాం. ఎక్కించేటప్పుడు ఒకరు పైకి చదవాలి, ఇంకొకరు చేత్తో తాకి చెప్పాలి. కంటితో చూసి "ఉంది" అంటే చెల్లదు. అర్ధరాత్రి రెండింటికి కార్యక్రమం ముగించుకుని సామాను సర్దే మనిషికి లేనిది కూడా ఉన్నట్టే కనిపిస్తుంది.

ఉప్పల్ దాటి భువనగిరి గుట్ట కనిపించేదాకా అందరం పాటలు పాడుకున్నాం. ఆ తరవాత ఎవరి నిద్ర వారిది. వరంగల్ దగ్గరే, 150 కిలోమీటర్లు. అక్కడి ఎన్‌ఐటీ స్ప్రింగ్ స్ప్రీ లాంటి ఉత్సవాలకు అలవాటుపడ్డ ఊరు కాబట్టి కుర్రవాళ్లకు రాక్ కొత్త కాదు. మా కార్యక్రమం వేరే కాలేజీలో. బాగా జరిగింది. బాగా జరిగినదాని గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ ఉండదు. అక్కడి నుంచి ఖమ్మం మీదుగా విజయవాడ చేరుకున్నాం.

మల్టీమీటర్ కథ తరవాతి కాలేజీలో. పేరు అనవసరం. గదిలో ఫ్లాస్కు లేదు.

నేను కోరస్ పాడతాను. చేతిలో బేస్, ఎదురుగా మైకు. సౌండ్ చెక్‌లో పెదవులు మైకుకు ఆనించబోతుంటే మా సౌండ్ ఇంజినీరు "ఆగరా, ముట్టుకోకు" అని అరిచాడు. మల్టీమీటర్ వైరు మొన ఒకటి మైకు జాలీకి, రెండోది నా గిటార్ తీగకు ఆనించాడు. 90 వోల్టుల పైన చూపించింది. ఆ అంకె చూస్తూ కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. సంగతి ఇది: గిటార్ తీగలు వైరు ద్వారా యాంప్ ఎర్త్‌తో కలిసి ఉంటాయి. మైకు ఇనుప జాలీ, మైకులన్నిటి శబ్దాన్ని కలిపే మిక్సర్ ఎర్త్‌తో కలిసి ఉంటుంది. రెండింటికీ కరెంటు ఒకే బోర్డు నుంచి, సరైన ఎర్త్‌తో వస్తే గొడవ లేదు. అక్కడ మిక్సర్ జనరేటర్ మీద ఉంది. యాంప్ మాత్రం ఆడిటోరియం గోడకున్న సాకెట్ నుంచి లాగిన ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద ఉంది. ఆ బోర్డు విప్పి చూస్తే మూడో పిన్నుకు, అంటే ఎర్త్‌కు, వైరే లేదు. పైన మూడు రంధ్రాలు, లోపల రెండు వైర్లు. ఇలాంటప్పుడు ఆ రెండు ఎర్త్‌లనూ కలిపే తీగ పాడేవాడి ఒళ్లే. 1972లో బ్రిటన్‌లోని స్వాన్సీలో స్టోన్ ది క్రోస్ బ్యాండు గిటారిస్టు లెస్ హార్వే ఎర్త్ సరిగా లేని మైకు పట్టుకుని వేదిక మీదే చనిపోయాడు. ఈ సంగతి ఎన్నోసార్లు చదివాను. నా మూతికి అంగుళం దూరంలో ఉన్నప్పుడు దాని అర్థం వేరు.

అక్కడి సౌండ్ కుర్రవాడు మంచివాడే గానీ, "ఏం కాదన్నా, కొద్దిగా జివ్వుమంటుంది, అంతే. నిన్న కూడా ఇలాగే నడిపాం" అన్నాడు. మన దగ్గర కరెంటు పనులన్నీ ఈ "నిన్న కూడా" మీదే నడుస్తాయి. మా ఇంజినీరు గొంతు పెంచలేదు. "నిన్న నడిచింది తమ్ముడూ, నిజమే. నాకు ఈ రోజు సంగతి కావాలి" అని కాలేజీ ఎలక్ట్రీషియన్‌ను పిలిపించాడు. ఆయన వయసు మళ్లినవాడు, బోర్డు లోపల చూసి నాలుక కరుచుకున్నాడు. వేదిక మీది సామానంతా ఒకే పంపిణీ బోర్డుకు, అదే జనరేటర్‌కు మార్చారు. జనరేటర్ పక్కన నేలలో దిగ్గొట్టిన ఎర్త్ కడ్డీ చుట్టూ ఉప్పు వేసి బిందెలతో నీళ్లు పోశారు. మళ్లీ కొలిస్తే ముల్లు సున్నా దగ్గరే ఊగింది. యాంప్‌లో అంతసేపూ వినిపించిన గుయ్యిమనే మోత కూడా దాంతోపాటే పోయింది. ఇదంతా అయ్యేసరికి సౌండ్ చెక్‌కు మిగిలింది పావుగంట.

ఆ సాయంత్రం ఏడింటికి వేదిక ఎక్కాల్సినవాళ్లం తొమ్మిది దాటాక ఎక్కాం. మధ్యలో జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, ముఖ్య అతిథి ప్రసంగం, మళ్లీ శాలువాలు. ఇటువైపు ఆలస్యం ఎంతైనా అటువైపు గడియారం జరగదు. శబ్దకాలుష్య నియంత్రణకు 2000లో వచ్చిన నిబంధనల ప్రకారం ఆరుబయట రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్లు మోగకూడదు. పండుగలు, సాంస్కృతిక సందర్భాలకు అర్ధరాత్రి దాకా సడలింపు ఇచ్చే వీలు ప్రభుత్వానికి ఉంది. అది కూడా ఏడాదికి 15 రోజులు మించకూడదు. ఆ కాలేజీకి అలాంటి అనుమతేమీ లేదు. అందుకే మా పాటల వరస ఎప్పుడూ మూడు రకాలుగా రాసి ఉంటుంది: గంటన్నరది, గంటది, నలభై నిమిషాలది. చిన్నదాన్ని కుదించిన పెద్దదిలా చేస్తే పనికిరాదని నా అభిప్రాయం. నలభై నిమిషాలే ఉన్నప్పుడు నెమ్మదిగా రాజుకునే పాటకు చోటు లేదు. మొదటి పాటతోనే పట్టాలి. గిటారిస్టు దీనికి ఇప్పటికీ ఒప్పుకోడు. అతని సుదీర్ఘమైన సోలో ఉన్న పాటే ప్రతిసారీ ఎగిరిపోతుంది మరి.

మూడో పాట తరవాత ముందు వరసలోంచి "సినిమా పాట వేయండన్నా" అని కేక. ఇది ప్రతి ఊళ్లోనూ ఉంటుంది. కాదని చెప్పడానికి ఆత్మాభిమానం ఒక్కటే కారణం కాదు. విద్యార్థులు పాడి, వినేది కూడా విద్యార్థులు, అధ్యాపకులు, తల్లిదండ్రులే అయితే కాపీరైట్ చట్టం మినహాయింపు ఇస్తుంది. డబ్బిచ్చి పిలిపించిన బ్యాండుకు అది వర్తించదు. నిర్వాహకులు ఐపీఆర్ఎస్ లాంటి హక్కుల సంఘం నుంచి లైసెన్సు తీసుకోవాలి. తీసుకున్నారా అని అడిగితే, చాలాచోట్ల అదేమిటని మమ్మల్నే ఎదురు అడుగుతారు. గాయని మాత్రం చట్టం ఊసెత్తకుండా, "సినిమాకు ఇంకా అమ్మని పాట ఒకటి ఉంది, వింటారా?" అని నవ్వి మా పాటే ఎత్తుకుంది. రెండో చరణానికి ముందు వరస మొత్తం పల్లవి పాడుతోంది. పది గంటలకు రెండు నిమిషాల ముందు ఆపాం.

విజయవాడ నుంచి విశాఖకు 350 కిలోమీటర్లు. రావులపాలెం దగ్గర పూతరేకులు, అన్నవరంలో ఆకు పొట్లంలో ప్రసాదం. వీటికి బండి ఆపకపోతే డ్రైవరే ఊరుకోడు. ఆ దారిలో నాకు గుర్తున్న తిండి ఇదే, మిగతాదంతా పెట్రోలు బంకుల చిప్స్. విశాఖలో ఇబ్బంది పెట్టింది గాలి. ఏసీ గదిలోంచి తెచ్చిన గిటార్‌ను సముద్రపు గాలిలో విప్పగానే చెక్క మీద తేమ పడుతుంది, శ్రుతి జారుతుంది. పెట్టె తెరవకుండా అరగంట బయట ఉంచి, ఆ తరవాత తీసి శ్రుతి చేస్తే నిలుస్తుంది. తీగలకు తుప్పు మాత్రం తప్పదు. వాయించాక పొడిగుడ్డతో తుడవకపోతే మర్నాటికి వేళ్లకు గరగర తెలుస్తుంది.

ఇక డబ్బు. సగం ముందుగా, మిగతా సగం వేదిక ఎక్కకముందు అన్నది మా ఒప్పందం. కాగితం మీద అలాగే ఉంటుంది. ఒకచోట "కార్యక్రమం కానివ్వండి, అకౌంట్స్ సెక్షన్ పొద్దున తెరుస్తారు" అన్నారు. పొద్దున మేము ఇంకో జిల్లాలో ఉంటాం. ఇన్వాయిస్ పంపాక టీడీఎస్ పది శాతం పట్టుకుని ఇస్తామన్నారు. అది న్యాయమే. పట్టుకున్నది ఆదాయపు పన్ను శాఖ పట్టికలో మా పేరు మీద కనిపిస్తే తిరిగి అడగవచ్చు. కనిపించకపోతే వాళ్లు పట్టుకున్నారే గానీ కట్టలేదన్నమాట. ఆ పేరు మీద ఫోన్ల మీద ఫోన్లు. మొదట్లో పారితోషికమంతా నా ఖాతాలో పడేది, నేను పంచేవాణ్ణి. అలాగైతే పన్ను శాఖ లెక్కలో ఐదుగురి ఆదాయమూ నాదే అవుతుంది. మా ఆడిటర్ చెప్పాక భాగస్వామ్య పత్రం రాయించుకుని, బ్యాండు పేరు మీద పాన్, ఖాతా తెరిచాం. జీఎస్టీ బాధ ఇంకా లేదు. సేవలకు ఏడాదికి 20 లక్షలు దాటితేనే రిజిస్ట్రేషన్, దానికి మేము ఆమడ దూరంలో ఉన్నాం. బండి, బస, తిండి పోను మిగిలిన దాంతో అందరికంటే ముందు కొన్నది ఎర్త్ సరిగా ఉన్న సొంత పంపిణీ బోర్డు. గిటారిస్టు గిటార్ శబ్దం మార్చే కొత్త పెడల్ అడిగాడు. ఓట్లు వేయించి ఓడించాం.

ఇప్పుడు బెంగళూరు పిలుపు వచ్చింది. 570 కిలోమీటర్లు బండిలో అంటే ఖర్చు తడిసి మోపెడవుతుంది కాబట్టి కాచిగూడ నుంచి రైల్లో వెళ్తాం. స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో మనిషికి 40 కిలోల సామాను ఉచితం. స్లీపర్‌లో పెట్టె కొలత 100 సెంటీమీటర్ల పొడవు, 60 వెడల్పు, 25 ఎత్తు దాటకూడదు, థర్డ్ ఏసీలో అంతకన్నా చిన్నదే ఉండాలి. దాటినవి బ్రేక్ వ్యానులో, అంటే రైలుకుండే సామాను పెట్టెలో, బుక్ చేయాలి. 88 మెట్ల కీబోర్డు ఆ కొలతలో పట్టదు కనుక కీబోర్డు వాయించే మావాడు 61 మెట్లదానితో సాధన మొదలుపెట్టాడు, ఎడమచేతి భాగాలు కొన్ని నాకు అంటగట్టాడు. డ్రమ్మర్ పేచీ వేరే. సెకండ్ ఏసీలో 50 కిలోలు ఉచితం కాబట్టి తనకు ఒక్కడికీ అందులో టికెట్టు తీయాలంటాడు. ఆ పది కిలోలకు బ్రేక్ వ్యాను రుసుము ఎంతో, టికెట్ల తేడా ఎంతో కాగితం మీద వేసి చూపించాను. "సింబల్స్ బ్రేక్ వ్యానులో వేస్తావా అన్నా?" అంటున్నాడు. అవి తన బెర్తు మీదే పెట్టుకుని, స్నేర్ స్టాండు, పెడల్ వ్యానులో వేయమన్నాను. ఇంకా ఒప్పుకోలేదు. టికెట్లు రేపు తీయాలి.