తాళం పట్టుకుని నిద్రపోవడం

విజయనగరంలో మా ఇల్లు గంటస్తంభానికి దగ్గరే. నిన్న రాత్రి కరెంటు పోయింది. లాప్‌టాప్ బ్యాటరీ మీద కూర్చుని నేను చూస్తున్నది బ్యాటరీ ఛార్జర్ డ్రైవర్ కోడే, అంటే ఛార్జర్ చిప్‌ను నడిపే ప్రోగ్రామే!

ఇద్దరు ఒకేసారి ఒకే డేటాను తాకకుండా వేసే తాళాల్లో స్పిన్‌లాక్ ఒకటి; అది దొరకనివాడు దొరికేదాకా అక్కడే తిరుగుతూ ఉంటాడు. ఈ కోడ్ రాసిన మా కుర్రవాడు స్పిన్‌లాక్ పట్టుకుని, లోపలే ఐ2సీ అనే నెమ్మదైన తీగల దారి మీదుగా చిప్ రిజిస్టర్ చదివాడు. లినక్స్‌లో ఆ చదవడం నిద్రపోవచ్చు, అంటే జవాబు వచ్చేదాకా సీపీయూను వేరే పనికి వదిలి ఆగవచ్చు. స్పిన్‌లాక్ పట్టుకున్నవాడు నిద్రపోకూడదు. అది సరే. అసలు చిక్కు, అదే లాక్‌ను ఇంటరప్ట్ హ్యాండ్లర్ (హార్డ్‌వేర్ పిలుపు రాగానే, నడుస్తున్న పనిని ఆపి నడిచే కోడ్) కూడా అడగడం. ఇంటరప్టులు ఆపకుండా లాక్ తీసుకున్నాక అదే సీపీయూ మీద ఇంటరప్ట్ వచ్చిందా, హ్యాండ్లర్ లాక్ కోసం తిరుగుతూనే ఉంటుంది. లాక్ వదలవలసిన కోడేమో హ్యాండ్లర్ ముగిస్తే గాని కదలదు.

“ఇన్నాళ్లూ ఒక్కసారీ ఆగిపోలేదండీ” అన్నాడు ఫోనులో. ఒకప్పుడు నేనూ ఇదే మాట అన్నాను, ఇంతకంటే గట్టిగా. తాళాల వాడకంలో తప్పులు పట్టే లాక్‌డెప్‌ను, 2006లో లినక్స్ కెర్నెల్‌లో చేరినదాన్ని, ఆన్ చేసి నడపమన్నాను. పది నిమిషాలకు హెచ్చరిక పంపాడు, మాట లేకుండా.

హ్యాండ్లర్‌ను నిద్రపోగల థ్రెడ్‌లోకి మార్చి, స్పిన్‌లాక్ స్థానంలో మ్యూటెక్స్ పెట్టాము; ఈ తాళం పట్టుకుని నిద్రపోయినా ఫరవాలేదు. యంత్రాన్ని నిద్రపుచ్చే సస్పెండ్ భాగం తెరిచేసరికి నా బ్యాటరీ నాలుగు శాతానికి దిగింది. కరెంటు ఇంకా రాలేదు.