ఆల్టో శాక్సఫోన్‌లో సి నుంచి డి దాకా

పర్లాకిమిడి, బరంపురం వైపు పెళ్లి బ్యాండుల్లోకి కొత్తగా వచ్చే పిల్లలు ఆల్టో చేతికందగానే పాట ఎత్తుకుంటారు. ముందు ఎడమచేతి మూడు వేళ్లే చాలు నాయనా! చూపుడువేలు నొక్కితే బి స్వరం, నడివేలు కలిపితే ఏ (A), ఉంగరపువేలు కూడా పడితే జి. నడివేలు ఒక్కటే అయితే సి. జి మీద కుడిచేతి వేళ్లు ఒక్కొక్కటీ చేర్చుకుంటూ పోతే ఎఫ్, ఈ, డి.

అసలు కష్టమంతా సి నుంచి పై డికి వెళ్లడంలో ఉంది. ఒక్క వేలు కాస్తా ఆరు వేళ్లవుతుంది, పైగా ఎడమ బొటనవేలితో ఆక్టేవ్ కీ, అంటే స్వరాన్ని పై స్థాయికి ఎత్తే మీట. అన్నీ ఒక్కసారే పడాలి. ఒకటి ఆలస్యమైతే మధ్యలో వేరే స్వరం తొంగిచూస్తుంది. వేళ్లు పైకి ఎత్తెయ్యడం వల్లే ఇది. నొక్కకపోయినా వేళ్లు ముత్యపు బొత్తాల్ని ఆనుకునే ఉండాలి.

కింది జి ఊదితే పై స్థాయికి ఎగిరిపోతోందా? ఊపిరిని అనుమానించే ముందు నెక్ (పైన ఉండే వంపు గొట్టం) మీది ఆక్టేవ్ కీ చూడండి. నెక్ బిగించేటప్పుడు ఆ కీని పట్టుకుని తిప్పితే వంగిపోతుంది, రంధ్రాన్ని మూసే మెత్త, అదే ప్యాడ్, పూర్తిగా మూసుకోదు. జి షార్ప్ (జి కన్నా అర మెట్టు పైది) పలక్కపోతే తడికి ప్యాడ్ అతుక్కుందన్నమాట. పల్చటి కాగితం పెట్టి తడి పీల్పించండి.

ఆల్టో ‘ఈ ఫ్లాట్’ (E♭) వాద్యం. అంటే మనం సి ఊదితే పలికేది హార్మోనియం మీద ఈ ఫ్లాట్, రెండున్నర శృతి. పాడేవాళ్లు ఒకటో శృతి (హార్మోనియం సి) అడిగితే షడ్జమం (స) మన ఏ (A) స్వరం మీద పెట్టుకోవాలి.